0.68 మార్కర్‌లో 0.50 బంతులు: ఒక బుష్ పని డైరీ

0.68 అంగుళాల రంగు బంతులు గాలితో కాల్చే పెయింట్‌బాల్ మార్కర్ (తుపాకీ లాంటిది) నాది. అందులో 0.50 అంగుళాల చిన్న బంతులు ఆడేలా చెయ్యడానికి బుష్, అంటే పెద్ద గొట్టంలో దూర్చే చిన్న లోగొట్టం, వేసిన కథ ఇది. మొదటే చెప్పేస్తాను. ఈ పనిలో తొందరపడి స్ప్రింగు మీద నేను పెట్టిన చెయ్యి తప్పే అయింది. బంతికి చోటు కుదిర్చాకే మిగతా పనులు నిలబడ్డాయి. ఇదొక్కటి ముందే తెలిసుంటే నాకు మూడు ఆదివారాలు, ఒక స్ప్రింగు మిగిలేవి.

మార్కర్ నాది పాత స్పైడర్ విక్టర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఆరేళ్లుగా గరాజ్‌లో పడి ఉంది. మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయికి పన్నెండు నిండుతున్నాయి. పుట్టినరోజు పెయింట్‌బాల్ మైదానంలో చేయాలని దాని పట్టు. పిల్లల ఆటకి అక్కడ 0.50 కాలిబర్ చిన్న బంతులే వాడతారు, కానీ అద్దెకిచ్చే మార్కర్లలో మాకు ఒకటి తక్కువైంది. 'మీదే ఒకటి తెచ్చుకోండి. వేగం 260 దాటకూడదు, ఆటకి ముందు మాకు చూపించాలి' అన్నాడు రెఫరీ. 260 అంటే సెకనుకి 260 అడుగులు. ఇక్కడ అందరూ ఎఫ్‌పీఎస్ అంటారు, నేనూ అదే రాస్తాను.

(గన్ అనకుండా మార్కర్ అనడం ఏదో మర్యాద కోసం పుట్టింది కాదు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెన్నికర్‌లో పన్నెండు మంది తొలి ఆట ఆడినప్పుడు చేతిలో ఉన్నది నెల్‌స్పాట్ 007. అడవిలో చెట్లకి, మందలో పశువులకి దూరం నుంచి రంగు గుర్తు పెట్టే పనిముట్టు అది.)

దశ 0: నాకు నేను పెట్టుకున్న హద్దులు

1. ట్యాంకు, రెగ్యులేటర్ (ట్యాంకు ఒత్తిడిని తగ్గించి ఇచ్చేది), వాల్వు విప్పను, మార్చి చెయ్యను. ఒత్తిడి మోసే భాగం ఏదీ కొయ్యను, అరగదియ్యను.
2. మార్కర్ విప్పే ముందు హాపర్ (పైన బంతులు పోసే డబ్బా) తీసెయ్యాలి, ట్యాంకు తీసెయ్యాలి, లోపల మిగిలిన గాలిని నేల వైపు వదిలెయ్యాలి, బ్యారెల్‌కి తొడుగు వెయ్యాలి. వరుస మారకూడదు.
3. ట్యాంకు ఎక్కించి ఉన్నంతసేపు మాస్కు మొహం మీదే. మామూలు కళ్లజోడు, చెక్కపని కళ్లజోడు పనికిరావు, పెయింట్‌బాల్‌కి చేసినదే ఉండాలి.
4. ఇంటి దగ్గర చేత్తో తోసి చూసే పరీక్షలే. గాలితో కాల్చడం మైదానంలో, క్రోనో (బంతి వేగం కొలిచే యంత్రం) ముందు మాత్రమే.

స్ప్రింగు గురించి ఇందులో ఏమీ రాసుకోలేదు. ఆ సంగతి దశ 3లో.

దశ 1: కొలతలు

ఈ రకం మార్కర్‌లో ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుంటాయి. కింది గొట్టంలో స్ట్రైకర్ (వాల్వుని కొట్టే సుత్తి లాంటిది), దాని వెనక స్ప్రింగు, ముందు వాల్వు. పై గొట్టంలో బోల్టు (బంతిని ముందుకి తోసే కడ్డీ). రెంటినీ ఒక పిన్ను కలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే సియర్ (స్ట్రైకర్‌ని వెనక పట్టి ఉంచే కొక్కెం) వదులుతుంది, స్ప్రింగు స్ట్రైకర్‌ని ముందుకి విసురుతుంది, దాంతోపాటు బోల్టు కదిలి బంతిని బ్యారెల్ వెనక చివరలోకి తోస్తుంది. స్ట్రైకర్ వాల్వుని కొట్టగానే బయటికొచ్చిన గాలి రెండు దారులు పడుతుంది. ఒక పాయ బోల్టుకున్న బెజ్జంలోంచి పైకెక్కి బంతిని తోస్తుంది. రెండో పాయ స్ట్రైకర్‌ని వెనక్కి నెట్టి మళ్లీ సియర్‌కి తగిలిస్తుంది. ఈ రెండు పాయల సంగతి బుర్రలో పెట్టుకోండి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

కొలిచినవి, డిజిటల్ వెర్నియర్‌తో:

- పై గొట్టం బోరు (లోపలి వెడల్పు) 17.6 మి.మీ.
- బ్యారెల్ బోరు 17.5 మి.మీ.
- బంతి పడే రంధ్రం పొడవు, బోల్టు వెనక్కి ఉన్నప్పుడు, 18.6 మి.మీ.
- 0.50 బంతులు ఇరవై: పేరుకి 12.7 మి.మీ. నిజానికి 12.41 నుంచి 12.83 దాకా ఉన్నాయి. సగటు 12.62.
- పది బంతుల బరువు బంగారం తూచే చిన్న త్రాసు మీద: 0.68వి 31.2 గ్రాములు, 0.50వి 12.4 గ్రాములు.

బంతిని ఒక్క చోట కొలిచి వదిలెయ్యకండి. రెండు జిలాటిన్ పెంకులు అతికిన చోట సన్నటి అతుకు గీత ఉంటుంది. దాని మీద ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. ఒకే బంతిలో 0.2 మి.మీ. తేడా నేను చూశాను. సంచీ మూతి సరిగ్గా కట్టకుండా రెండు రోజులు గరాజ్‌లో వదిలేసిన బంతులు 13.05 దాకా ఉబ్బాయి. జిలాటిన్ చెమ్మ పీల్చుకుంటుంది, టెక్సాస్ ఆగస్టులో ఇంక చెప్పక్కర్లేదు.

బరువు లెక్క ఎందుకంటే: చిన్న బంతి బరువు పెద్దదానిలో 40 శాతం, కానీ గాలి తోసే అడ్డుకోత వైశాల్యం 54 శాతం ఉంది. అంటే అదే ఒత్తిడికి చిన్న బంతి త్వరణం (జోరందుకోవడం) మూడో వంతుకి పైగా ఎక్కువ. 'చిన్న బంతి కదా, మెల్లగా పోతుందిలే' అనుకునేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. వేగం పెరుగుతుంది. వేగాన్ని అదుపులో పెడితే మాత్రం లాభం నిజమే: పెద్ద బంతి 280 ఎఫ్‌పీఎస్ దగ్గర సుమారు 11.4 జౌల్స్ శక్తి మోస్తే, చిన్నది 250 దగ్గర 3.6 జౌల్సే మోస్తుంది.

దశ 2: బ్యారెల్‌లో గొట్టం

ముందు సులువైనది మొదలుపెట్టాను. బ్యారెల్‌లో ఇంకో గొట్టం దూర్చడం. 5/8 అంగుళాల అల్యూమినియం గొట్టం రెండు గోడ మందాల్లో దొరికింది.

1. 0.065 అంగుళాల గోడ: లోపలి బోరు 12.57 మి.మీ. సగటు బంతి కన్నా చిన్నది. బంతిని వేలితో తోస్తేనే బిగుసుకుపోయింది. మూలన పెట్టేశాను.
2. 0.058 గోడ: లోపలి బోరు 12.93. బంతి తన బరువుకి తానే జారిపోతుంది. ఇదే ఉంచాను.

బయటి కొలత 15.88, బ్యారెల్ బోరు 17.5. ఆ ఖాళీకి రెండు చివర్లా ప్లాస్టిక్ కాలర్లు (ఉంగరాలు) 3డీ ప్రింట్ చేసి ఎపాక్సీతో అంటించాను. బ్యారెల్ మూతి దగ్గరున్న గాలి బెజ్జాలకి ముందే గొట్టాన్ని ఆపేశాను.

రెండో గొట్టంలో మిగిలింది కూడా వృథా పోలేదు. అందులోంచి నాలుగు సెంటీమీటర్ల ముక్క కోస్తే జల్లెడలా పనికొచ్చిందని తర్వాత తెలిసింది. దాంట్లోంచి తనంతట తాను జారని బంతిని హాపర్‌లో వెయ్యకూడదు. అంతే పరీక్ష. ఈ ముక్క ఇప్పుడు తాళాల గుత్తికి వేలాడుతోంది.

ఆదివారం మైదానానికి వెళ్లాను. ముప్ఫై బంతులు వేస్తే పదిహేడు లోపలే పగిలాయి. బంతుల్లోని పసుపు రంగు ద్రవం బోల్టు నుంచి ట్రిగ్గర్ దాకా కారింది. బతికి బయటపడ్డ వాటిలో రెండింటిని క్రోనో 318, 331 అని చూపించింది. రెఫరీ ఏమీ అనలేదు. నా మార్కర్‌ని తీసుకుని, బ్యారెల్ తొడుగు వేసి, బల్ల మీద పక్కన పెట్టాడు.

ఇప్పటివరకు: బంతులు 30, పగిలినవి 17. ఖర్చు 42 డాలర్లు (గొట్టాలు 18, బంతుల సంచీ 24).

దశ 3: స్ప్రింగు కోశాను

రెండు సమస్యలు కనిపిస్తున్నాయి, పగలడం ఒకటి, వేగం ఒకటి. తెలివైనవాడైతే పగలడం ముందు పట్టుకునేవాడు. నాకు ఆ 331 చూసి టెన్షన్ పట్టుకుంది. వెనక ఉన్న వేగం స్క్రూ పూర్తిగా బయటికి తిప్పినా చాలదనిపించి, స్ట్రైకర్ స్ప్రింగులోంచి రెండు చుట్లు కట్టర్‌తో తెంపేశాను.

మళ్లీ ఆదివారం. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కాను. పిండిమర ఆడినట్టు టటటటా అని అదే కొట్టుకుంది. పన్నెండు బంతులు పోయాయి, వాటిలో ఆరు లోపలే పగిలాయి, ట్యాంకు వాల్వు తిప్పేదాకా ఆగలేదు. మూతి నేల వైపు ఉండబట్టి సరిపోయింది.

ఎందుకలా అయిందో ఆ రాత్రి కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. పొట్టి స్ప్రింగుకి ముందస్తు బిగువు పోయింది, స్ట్రైకర్ వాల్వుని మెల్లగా కొట్టింది, గాలి తక్కువ వచ్చింది. ఉన్న ఆ కాస్త గాలి స్ట్రైకర్‌ని సియర్ దాకా నెట్టలేకపోయింది. సియర్ పట్టుకోకపోతే స్ట్రైకర్ మళ్లీ ముందుకే వస్తుంది, మళ్లీ కొడుతుంది. అదీగాక చుట్లు కోస్తే స్ప్రింగు మెత్తబడుతుందనుకోవడమే పొరపాటు. మిగిలిన ముక్క మి.మీ.కి మి.మీ. లెక్కన ఇంకా గట్టిపడుతుంది. అంటే పొట్టిదీ అయింది, మొండిదీ అయింది.

ఆ రాత్రి నాన్నకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఒక్కేళ్లు లేత్ మీద నిలబడ్డ మనిషి. పెయింట్‌బాల్ అంటే ఏమిటో చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. తెగిన స్ప్రింగు కెమెరాకి చూపించాను.

"కోశావా?"

"రెండు చుట్లే నాన్నా."

"ఒరేయ్, బోరు పెద్దదైతే ఇంజను మారుస్తామా? బుష్ వేస్తాం. నీ జాబ్‌లో (చేస్తున్న ముక్కలో) బోరు పెద్దది, సరుకు చిన్నది. బుష్ వెయ్యకుండా స్ప్రింగు జోలికెందుకు పోయావు?"

నా దగ్గర జవాబు లేదు. పదకొండు డాలర్లు పెట్టి కొత్త స్ప్రింగు వేసి, వేగం స్క్రూని మొదట ఉన్న చోటికే తిప్పాను. దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పటివరకు: బంతులు 42, పగిలినవి 23. ఖర్చు 53.

దశ 4: బుష్, కొత్త బోల్టు

ఎక్కువ రోజులు తిన్నది ఇదే, కాబట్టి ఎక్కువ రాస్తున్నాను.

బంతి ఎందుకు పగులుతోందో ముందు కళ్లతో చూశాను. ట్యాంకు లేకుండా, బ్యారెల్ విప్పి, టార్చి పెట్టి, బోల్టుని చేత్తో మెల్లగా తోశాను. 17.6 బోరులో 12.6 బంతి అడుగున కూర్చుంది. దాని నెత్తిన ఐదు మి.మీ. ఖాళీ. ఆ ఖాళీలోకి పై బంతి వేలాడింది. బోల్టు అంచు సరిగ్గా ఆ వేలాడే బంతి నడుముకి తగిలింది. ముందుకి, వెనక్కి చూస్తే 18.6 రంధ్రంలో ఒక బంతి పోను ఇంకో ఆరు మి.మీ. మిగిలింది, అక్కడా ఇంకో బంతి తల దూర్చింది. ఇది గాలి సమస్య కాదు, వేగం సమస్య కాదు. బంతికి కూర్చునే చోటు లేదు.

పై గొట్టంలో బుష్ వెయ్యాలంటే పాత బోల్టు పట్టదు, అది బోరు నిండా ఉంటుంది. కాబట్టి రెండూ కొత్తవి:

1. బుష్: బయట 17.5, లోపల 13.2 మి.మీ. పైన బంతి పడటానికి 13.8 రంధ్రం. ముందు నుంచి దూరుతుంది, బ్యారెల్ బిగిస్తే కదలదు.
2. బోల్టు: వెనక భాగం పాత బోల్టు కొలతే, ఓ-రింగుల గాళ్లు ఎక్కడివక్కడే. ముందు భాగం 13.0కి తగ్గింపు, బుష్‌లో ఆడటానికి. పిన్ను రంధ్రం పాతదాని మీద పెట్టి గుర్తు వేసుకున్నదే. తగ్గించిన భాగం పొడవు బోల్టు నడక కన్నా మూడు మి.మీ. ఎక్కువ ఉండాలి, లేకపోతే భుజం వచ్చి బుష్‌ని గుద్దుతుంది.

ఇప్పుడు పై బంతి వేలాడేది 0.6 మి.మీ. మాత్రమే. బోల్టు ముక్కుకి ఒక మి.మీ. చాంఫర్ (అంచు వాలుగా కొయ్యడం) కొడితే అది మెల్లగా పైకి లేస్తుంది.

ముందు పీఈటీజీ ప్లాస్టిక్‌లో 3డీ ప్రింట్ చేసి చూశాను. 13.2 అని గీస్తే 12.95 వచ్చింది, పొరల గీతలు బంతి పెంకుని గీరుతున్నాయి. కొలతలు సరిచూసుకోవడానికి పనికొచ్చింది, కాల్చడానికి కాదు. అసలుది డెల్రిన్ (గట్టి, నున్నటి ప్లాస్టిక్) కడ్డీలోంచి తియ్యాలి.

నాన్న నైలాన్ అన్నారు. 'మనం అన్నిటికీ నైలాన్ బుష్షే వేసేవాళ్లం' అని. ఇక్కడ నేను ఆయన మాట వినలేదు. నైలాన్ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. డెల్రిన్ అంతగా పీల్చదు. బంతీ ఉబ్బి, బుష్షూ ఉబ్బితే మళ్లీ మొదటికే వస్తాం.

దగ్గర్లో రోజుకి ఇరవై డాలర్లకి లేత్ వాడుకోనిచ్చే వర్క్‌షాపు ఉంది. మొదటి రోజు సగం చక్‌లో (లేత్ మీద ముక్కని పట్టి తిప్పే బిగింపులో) జాబ్ సెంటర్ చెయ్యడానికే పోయింది. డెల్రిన్ ఇనుములా కాదు, కోసేటప్పుడు పొట్టు రిబ్బన్‌లా పొడుగ్గా వచ్చి టూల్‌కి చుట్టుకుంటుంది. గట్టిగా బిగిస్తే జాబ్ నొక్కుకుపోతుంది, చక్ వదలగానే బోరు కోడిగుడ్డులా తేలుతుంది. మొదటి బుష్ అలాగే పోయింది. ఒక వైపు 13.2, ఇంకో వైపు 13.05. రెండోసారి నాన్న ఫోన్లో ఉండగా చేశాను. ముందు బోరు తీసి, తర్వాత ఆ బోరులో బిగువుగా ఒక కడ్డీ దూర్చి, దాన్ని పట్టుకుని బయటి వైపు తియ్యమన్నారు. అలాగే తీస్తే గుండ్రంగా వచ్చింది. 'ముక్కుకి, బోరుకి మధ్య ఎంత వదిలావు?' అన్నారు. 0.2 అన్నాను. 'ఎనిమిది థౌ. వేడెక్కే చోటు కాదుగా, చాలు' అన్నారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మి.మీ. నుంచి థౌకి ఆయన లెక్క కట్టడానికి రెప్పపాటు పట్టలేదు.

ఇంట్లో చేత్తో పరీక్ష, గాలి లేకుండా:

మొదటి ఇరవై బంతుల్లో ఏడు పగిలాయి. తప్పు బుష్‌ది కాదు. 13.2 బుష్ చివర, 12.93 గొట్టం మొదలయ్యే చోట అల్యూమినియం అంచు బ్లేడులా నిలబడి ఉంది. వేలితో తడిమితే గీసుకుంది. గొట్టం వెనక చివరని 15 డిగ్రీల టేపర్‌తో లోపలికి వాలుగా తీసి, సన్నటి ఎమెరీ పేపర్‌తో నున్న చేశాను.

రెండో ఇరవైలో మూడు పగిలాయి. ఈసారి బుష్ తనంతట తాను తిరిగిపోతోంది. పై రంధ్రం పక్కకి జరిగి అరచందమామలా మిగులుతోంది. ఇంకో ఇబ్బంది కూడా తోడైంది: పక్కనుండే బాల్ డిటెంట్, అంటే బంతి ముందుకి జారిపోకుండా పట్టుకునే చిన్న బుడిపె, బుష్ గోడ వెనకే ఆగిపోయింది. బంతి మూతి దాకా దొర్లిపోయి, దాని వెనక ఇంకోటి చేరుతోంది.

రెంటికీ ఒకటే మందు దొరికింది. డిటెంట్ ఎదురుగా బుష్‌లో 3 మి.మీ. రంధ్రం వేసి, అందులో రబ్బరు బుడిపె ఒకటి పెట్టాను. పాత డిటెంట్ వెనక నుంచి దాన్ని నొక్కి పడుతుంది. బోరులోకి 0.8 మి.మీ. పొడుచుకొస్తుంది. బంతి ఆగింది, బుష్ తిరగడమూ ఆగింది. ఒక మి.మీ. పొడుచుకొస్తే బంతి మీద గాటు పడింది, 0.5 అయితే బంతి దొర్లిపోయింది. 0.8 లెక్క కట్టి రాలేదు, బ్లేడుతో చెక్కుతూ చెక్కుతూ పోతే వచ్చింది.

ఇప్పటివరకు: బంతులు 82, పగిలినవి 33. ఖర్చు 113 (డెల్రిన్ 14, వర్క్‌షాపు రెండు రోజులు 40, ఓ-రింగులు 6 కలిపి).

దశ 5: బెజ్జం, వేగం

స్ప్రింగు కొయ్యకుండా వేగం తగ్గించే దారి కొత్త బోల్టులోనే ఉంది. రెండు పాయలు గుర్తున్నాయిగా. బోల్టు బెజ్జం చిన్నదైతే బంతి వైపు పోయే పాయ సన్నబడుతుంది, స్ట్రైకర్‌ని వెనక్కి నెట్టే పాయ తగ్గదు. సియర్ ప్రతిసారీ పట్టుకుంటుంది. బెజ్జాన్ని పెద్దది చేసుకోవచ్చు, చిన్నది చెయ్యలేం, కాబట్టి కావాలనే 4 మి.మీ.తో మొదలుపెట్టాను. డ్రిల్ బిట్లు, చేతి డ్రిల్లు కారులో పెట్టుకునే వెళ్లాను. ప్రతిసారీ ట్యాంకు తీసి, గాలి వదిలి, బోల్టు బయటికి లాగి, చేత్తో తిప్పి బెజ్జం పెంచడం.

- 4.0 మి.మీ.: పది బంతుల సగటు 160. ఇరవై అడుగుల దూరంలో చెక్కకి తగిలి పగలకుండా ఎగిరి పడ్డాయి. పగలని బంతి పగిలిన బంతికన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది, కాబట్టి మరీ తగ్గించడం కూడా మంచిది కాదు.
- 5.0: సగటు 213. సగం పగిలాయి.
- 5.5: సగటు 246. చెక్క మీద అన్నీ చక్కగా పగిలాయి.

అక్కడితో ఆపాను. 6 మి.మీ. చేసి చూడాలని చెయ్యి దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

కానీ 5.5 దగ్గర కూడా అంకెలు 229 నుంచి 260 దాకా ఊగాయి. వరుసగా ఇరవై కాలిస్తే 252తో మొదలై 219కి జారాయి. చెయ్యి పెట్టి చూస్తే ట్యాంకు చల్లగా, మంచు పట్టినట్టుంది. నేను వాడుతున్నది కార్బన్ డయాక్సైడ్. సిలిండర్లో అది ద్రవంగా ఉంటుంది, ఆవిరయ్యేటప్పుడు తన వేడిని తానే తాగేస్తుంది, చల్లబడే కొద్దీ ఒత్తిడి పడిపోతుంది. ఎండలో పెడితే పెరుగుతుంది. ఉదయం 246 చూసుకుని మధ్యాహ్నం ఎండకి 260 దాటితే? పిల్లల ఆటలో ఆ ఊగులాట వద్దనుకున్నాను.

3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) అల్యూమినియం గాలి ట్యాంకు ఒకటి వాడినది కొన్నాను. దాని రెగ్యులేటర్ బయటికి సుమారు 800 పీఎస్‌ఐ నిలకడగా ఇస్తుంది. కొనే ముందు మెడ దగ్గర చెక్కిన హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో ట్యాంకు గట్టిదనం చూసే పరీక్ష) తేదీ చూడండి. ఐదేళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించేదాకా ఎవరూ గాలి నింపరు.

గాలితో, అదే 5.5 బెజ్జానికి: పది బంతులు 241 నుంచి 255, సగటు 248. వరుసగా ఇరవై కాల్చినా జారలేదు. స్ట్రైకర్ వెనక్కి కాస్త గట్టిగా కొట్టుకుంటోంది, వెనకున్న రబ్బరు బంపర్ కొత్తది వేసుకుంటే మంచిదే, నేనింకా వెయ్యలేదు.

ఇప్పటివరకు: బంతులు 172, పగిలినవి 37. ఖర్చు 192 (ట్యాంకు 55, రెండో సంచీ బంతులు 24).

"ఈ డబ్బుకి చిన్న బంతులదే కొత్తది వచ్చేది కాదా?" అంది మా ఆవిడ, రసీదులు చూసి. వచ్చేదే. అడిగితే నిజం చెప్పాలి కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను. డబ్బు మిగల్చడానికే ఈ పని చేస్తుంటే చెయ్యకండి.

దశ 6: హాపర్ మెడ

ఇది త్వరగా తేలింది. మార్కర్ మెడ 0.68 బంతికి చేసినది కాబట్టి చిన్న బంతులు అందులో ఒకదాని పక్కన ఒకటి మెలిక తిరిగి, రెండు కలిసి కమానులా బిగుసుకుని ఆగిపోతున్నాయి. ప్లంబింగ్ సామాన్ల కొట్లో అర అంగుళం రాగి పైపు, ఎం రకం, లోపలి బోరు 14.45 మి.మీ. ఐదు సెంటీమీటర్ల ముక్క కోసి, ప్రింట్ చేసిన కాలర్లతో మెడలో దూర్చాను.

1. కింది చివర బుష్ రంధ్రం మీద కూర్చోవాలి, 14.45 నుంచి 13.8కి చిన్న వాలు.
2. పై చివర హాపర్ లోపలికి గరాటులా విప్పాలి. విప్పకపోతే కమాను కింద కాకుండా పైన కడుతుంది, అంతే తేడా.
3. కోసిన అంచులు రెండు వైపులా నున్న చెయ్యాలి.

వంద బంతులు, రెండు పగిలాయి. రెండూ జల్లెడలో చూడకుండా వేసినవే. గరాటు దగ్గర అప్పుడప్పుడు ఆగుతోంది, మార్కర్‌ని ఒకసారి కుదిపితే దిగుతోంది. మోటారు హాపర్ పెడితే ఇది కూడా పోతుంది గానీ పన్నెండేళ్ల పిల్లకి అంత జోరు అక్కర్లేదు.

ఇప్పటివరకు: బంతులు 272, పగిలినవి 39. ఖర్చు 205.

దశ 7: ఆట రోజు

ఉదయం రెఫరీకి ఇచ్చాను. క్రోనో మీద ఆరు కాల్చాడు: 244, 251, 247, 249, 243, 252. బోల్టు బయటికి తీసి చూపించమన్నాడు. తెల్లటి డెల్రిన్ ముక్కు చూసి, వేలితో తిప్పి, తిరిగిచ్చాడు. వేగం స్క్రూ ఎవరూ తిప్పకుండా దాని మీద టేపు వేయించాడు.

మధ్యాహ్నం దాకా 430 బంతులు. లోపల పగిలినవి మూడు. ఒకసారి బంతి దిగక ఆగింది, అమ్మాయే కుదిపి సరిచేసుకుంది. దూరం మాత్రం తగ్గింది, ఇది ముందే తెలుసుకోండి. తేలిక బంతిని గాలి తొందరగా ఆపేస్తుంది, చిన్న గాలి వీచినా పక్కకి పోతుంది. పెద్ద బంతితో అలవాటైనవాడికి ఇది చిరాకే. పిల్లలు దగ్గర దగ్గరగా ఆడారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. పోయినేడాది నేను పెద్దవాళ్ల ఆటలో తెచ్చుకున్న మచ్చ రూపాయి బిళ్లంత, పది రోజులు ఉంది. మా అమ్మాయి భుజం మీది ఎర్ర మచ్చ సాయంత్రం కేకు కోసేసరికి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్లతో బుష్, బోల్టు, గొట్టం కడిగి కొలిచాను. బుష్ లోపల 13.2 ఉన్నది 13.22 అయింది. బోల్టు ముక్కు చాంఫర్ మీద చిన్న నొక్కు. రబ్బరు బుడిపె మాత్రం సగం అరిగింది, 0.8 నుంచి 0.5కి. మూడు పగిలిన బంతులూ చివరి గంటలోవే, కారణం ఇదే అయ్యుండాలి. ఇంకో నాలుగు బుడిపెలు చెక్కి డబ్బాలో వేసి పెట్టాను. రెండొందల బంతులకొకటి మార్చాలి.

మొత్తం: బంతులు 702, పగిలినవి 42, చివరి 430లో 3. ఖర్చు 205 డాలర్లు, ఆదివారాలు ఏడు.

కొలతల ఫొటోలు నాన్నకి పంపాను. రెండు థౌ కూడా అరగలేదని జవాబు వచ్చింది. దాని కింద ఇంకో మెసేజ్: ఆ కోసిన స్ప్రింగు పారేశావా, ఉంచావా?

ఉంచాను. లేత్ పని సామాన్ల డబ్బాలో, పైనే ఉంది.